పెళ్లిచూపులకు విగ్గు పెట్టుకుని వెళ్తే మోసం చేసినట్టేనా?

ఉప్పల్ అక్క
మా ఇల్లు రెండు పార్టీలుగా చీలిపోయింది, అందుకే ఇక్కడ పెడుతున్నా. తమ్ముడికి ముప్పై దాటాయి, గచ్చిబౌలిలో ఉద్యోగం. ముందు జుట్టంతా పోయింది. కొంతకాలంగా హేర్ ప్యాచ్ వాడుతున్నాడు, చెబితే తప్ప తెలియదు. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నాం. మ్యారేజ్ బ్యూరో ఆవిడేమో "నిశ్చితార్థం అయ్యేదాకా ఎవరూ నోరు విప్పొద్దు" అంటోంది. నాన్నదీ అదే మాట. మొదటి ఫోన్‌లోనే చెప్పేయాలని నేనూ అమ్మా. వాడేమో "అమ్మాయిలు మేకప్ వేసుకుని రావట్లేదా?" అని ఎదురు అడుగుతున్నాడు. మీరేమంటారు?

తార్నాక తాతయ్య
మోసమేనమ్మా, ఇందులో చర్చ ఏముంది? జుట్టు లేకపోవడం తప్పు కాదు. కానీ పెళ్లయ్యాక బయటపడితే, ఆ పిల్ల మీ వాడు చెప్పిన జీతాన్నీ నమ్మదు, చదువునీ నమ్మదు.

పాతకాలం పిచ్చోడు
విగ్గు అనగానే దాపరికం అనుకుంటున్నాం గానీ, చరిత్రలో చాలాకాలం దాన్ని నలుగురికీ కనబడాలనే పెట్టుకున్నారు. ప్రాచీన ఈజిప్టులో ఉన్నవాళ్లు ఎండకు, పేలకు తట్టుకోలేక తల గొరిగించుకుని, పైన మనిషి వెంట్రుకలతో అల్లిన విగ్గు పెట్టుకునేవారు. పాయలు చెదరకుండా తేనెమైనం పట్టించేవారు. అది సొంత జుట్టని ఎవరినీ నమ్మించాల్సిన పని లేదు. విగ్గు ఎంత దట్టంగా ఉంటే అంత గొప్పింటివాళ్లని లెక్క.

ఫ్రాన్స్‌లోనూ అంతే. 14వ లూయీ కాలానికి విగ్గు లేకుండా దర్బారులో అడుగు పెట్టలేని పరిస్థితి. 1660లో రెండో చార్లెస్ ప్రవాసం నుంచి తిరిగొచ్చి ఇంగ్లండ్ సింహాసనం ఎక్కాక ఆ మోజు లండన్‌కీ పాకింది. భుజాల కిందికి దిగే ఆ ఉంగరాల జుట్టుని చూసి "అబ్బ, ఎంత బాగా పెరిగింది" అనుకునే అమాయకుడు ఎవడూ ఉండడు కదా. 1795లో బ్రిటిష్ ప్రభుత్వం జుట్టుకి పౌడరు వేసుకునేవాళ్లపై ఏడాదికి ఒక గినీ పన్ను వేసింది. అప్పటికే తగ్గుతున్న మోజు దాంతో ఇంకా పడిపోయింది. చివరికి కోర్టుల్లో మిగిలింది. ఇంగ్లండ్‌లో 2008 నుంచి సివిల్, ఫ్యామిలీ కేసుల్లో అదీ తీసేశారు, క్రిమినల్ కేసుల్లో మాత్రం ఇంకా ఉంది. మన లాయర్లకి ఆ వారసత్వంలో నల్లగౌను, తెల్ల బ్యాండు దక్కాయి. మే నెలలో హైకోర్టు మెట్లెక్కుతూ నెత్తిన గుర్రపు వెంట్రుకల విగ్గు కూడా ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి.

కాబట్టి విగ్గు దానంతట అది అబద్ధం కాదు. ఎవరికీ తెలియకూడదని పెట్టుకున్నప్పుడే ఈ ప్రశ్న వస్తుంది. మీ తమ్ముడిది సరిగ్గా అదే.

నాగోల్ నల్లకోటు
పిచ్చోడు గారూ, మీకు పనికొచ్చే ఉదాహరణలే ఏరుకున్నారు. 14వ లూయీ సంగతి చెప్పి తండ్రిని వదిలేశారేం? 13వ లూయీ చిన్న వయసులోనే జుట్టు ఊడిపోయి 1620లలో విగ్గు పెట్టడం మొదలుపెట్టాడు. మొదలైందే కప్పిపుచ్చుకోవడానికి, రాజుగారు కాబట్టి ఫ్యాషన్ అయింది. అంతకుముందు రోమ్‌లో జూలియస్ సీజర్ బట్టతల కనబడకుండా వెనక జుట్టు ముందుకి దువ్వుకునేవాడు, పుష్పకిరీటం లాంటి ఆ ఆకుల దండ ఎప్పుడూ పెట్టుకోవచ్చని సెనేట్ అనుమతిస్తే తెగ సంబరపడ్డాడట. దాచుకోవాలన్న కోరిక ఈ రోజు పుట్టింది కాదు.

ఇక చట్టం. హిందూ వివాహ చట్టం 1955, సెక్షన్ 12 ప్రకారం అవతలి వ్యక్తికి సంబంధించిన ముఖ్యమైన విషయంలో మోసం చేసి ఒప్పించుకుంటే, ఆ పెళ్లిని రద్దు చేయమని అడగొచ్చు. మోసం తెలిసిన ఏడాదిలోపు కోర్టుకి వెళ్లాలి. తెలిశాక కూడా ఇష్టపడే కాపురం చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. జుట్టు ముఖ్యమైన విషయమా కాదా అన్నదే అసలు వాదన. జబ్బు దాచడం, ముందు పెళ్లి దాచడం వేరు. జుట్టు దగ్గర ఆ వాదన నిలబెట్టడం తేలిక కాదని నా అభిప్రాయం. కానీ కేసు గెలవకపోయినా పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కాల్సి రావచ్చు. 2020లో ముంబై పక్కన మీరా రోడ్‌లో, భర్త బట్టతల దాచి పెళ్లి చేసుకున్నాడని ఓ భార్య కేసు పెట్టింది. నాన్నగారికి ఈ ముక్క చదివి వినిపించండి.

ఫార్వర్డ్ భాస్కర్
1770లో బ్రిటన్ పార్లమెంటు ఏకంగా చట్టమే చేసింది సార్. విగ్గులతో, మేకప్‌తో మగవాణ్ని పెళ్లికి ఒప్పిస్తే మంత్రగత్తెకి వేసే శిక్ష!

నాగోల్ నల్లకోటు
అది ఎప్పటినుంచో తిరుగుతున్న కట్టుకథ. అలాంటి చట్టం బ్రిటన్ చట్టాల్లో లేదు.

కొత్తపేట కోడలు
మీ తమ్ముడి మాటలో కొంత న్యాయం ఉంది అక్కా, కానీ అతను అనుకున్న వైపు కాదు. మా అమ్మమ్మ పెళ్లిచూపుల్లో మగపెళ్లివారి పెద్దావిడ పక్కన కూర్చున్నట్టే కూర్చుని జడ పట్టుకుని చూసిందట, సొంతమా సవరమా అని. నడిపించారు, పాడించారు, పళ్లు చూశారు. ఆడపిల్ల దగ్గర ఏదీ దాగకూడదు. ఇప్పుడు మగపిల్లాడి వంతు వచ్చేసరికి "ప్రైవసీ" గుర్తొచ్చింది!

పెళ్లిపీటల మీద పూలజడ కింద సవరం ఉంటుందని చిన్నపిల్లకి కూడా తెలుసు. దాన్ని ఎవరూ మోసం అనరు, ఎందుకంటే ఎవరూ దాచరు. అదే లెక్క అతనికీ వర్తిస్తుంది. పెట్టుకోనివ్వండి, చెప్పనివ్వండి.

అమీర్‌పేట్ ప్యాచ్
నేను ఈ పనిలోనే ఉన్నాను, కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి. మా దగ్గరికి ముహూర్తాల ముందు పెళ్లికొడుకులు బాగా వస్తారు. అందరూ అడిగేది ఒకటే, "తెలిసిపోతుందా?" ముందు వైపు సన్నటి లేస్ మీద ఒక్కో వెంట్రుకనీ చిన్న కొక్కెంతో ముడివేస్తే, నుదుటి దగ్గర గీత కనబడదు. అందుకే అంత ఖరీదు. సింథటిక్ తక్కువలో వస్తుంది గానీ మామూలు రకానికి వేడి తగిలితే ముడుచుకుపోతుంది, స్ట్రెయిటనర్ పెట్టారా అంతే సంగతులు.

కానీ దాచి కాపురం చేయడం కుదిరే పని కాదు. టేపుతో గానీ జిగురుతో గానీ అంటిస్తాం. అప్పుడప్పుడూ విప్పి, కింద తల గొరిగి, శుభ్రం చేసి మళ్లీ పెట్టాలి. మన ఎండాకాలం చెమటకి, బండి మీద హెల్మెట్‌కి టేపు ముందే లూజవుతుంది. భార్యకి తెలియకుండా ఎన్నాళ్లు? నా దగ్గరికి వచ్చే పెళ్లికొడుకులకి నేను చెప్పేది ఇదే.

ఇంకో మాట. మా దగ్గరికి పెళ్లికొడుకులే రారు. పేనుకొరుకుడుతో తల మీద మచ్చలు మచ్చలుగా జుట్టు పోయిన కాలేజీ పిల్లలు వస్తారు, ఒంట్లోని రోగనిరోధక శక్తే వెంట్రుక కుదుళ్ల మీద దాడి చేసే జబ్బు అది. కీమో మొదలవబోయేవాళ్లు వస్తారు. జుట్టు రాలకముందే రమ్మంటాం, వాళ్ల రంగుకి, తీరుకి సరిపోయేది చూడొచ్చు కాబట్టి.

ఉక్కపోత
హైదరాబాద్ బోరు నీళ్ల వల్లే కదా అందరికీ బట్టతల వస్తోంది? అసలు ఆ విషయం మాట్లాడరేం?

అమీర్‌పేట్ ప్యాచ్
బోరు నీళ్లకి జుట్టు గరుకుగా అవుతుంది బ్రదర్. మగవాళ్లకి నుదురు పైకి జరుగుతూ పోవడం వంశపారంపర్యం, హార్మోన్ల పని. మంజీరా నీళ్లు తాగి పెరిగినవాళ్లకీ వస్తుంది.

రెడ్ హిల్స్
కీమో అయ్యాక విగ్గుతో ఆఫీసుకి వెళ్లినదాన్ని. అది మోసమా? మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకి దువ్వెన నిండా జుట్టు వచ్చేసింది. లిఫ్టులో ఎదురైన ప్రతివాడికీ నా జబ్బు చరిత్ర చెప్పాల్సిన ఖర్మ నాకెందుకు? విగ్గు ఉంటే జాలి చూపులు ఉండవు, అంతే. తార్నాక తాతయ్య గారూ, దయచేసి అందరినీ ఒకే గాటన కట్టకండి.

తార్నాక తాతయ్య
అమ్మా, నిన్ను ఎవరంటారు? లిఫ్టులో వాడికి నీ తల సంగతి తెలుసుకునే హక్కు లేదు. నీతో ఏడడుగులు నడవబోయేవాడికి ఉంది. నా వాదన అంతవరకే.

బాలాజీ నగర్
అసలు ఆ జుట్టు ఎక్కడిదో ఎవరూ అడగరేం? తిరుమల కల్యాణకట్టలో మనమిచ్చే తలనీలాలని టీటీడీ పొడవుని బట్టి గ్రేడ్లు చేసి వేలం వేస్తుంది. మన మొక్కు ఎవరి నెత్తికో ఎక్కుతుంది. 2004లో దీని మీదే పెద్ద గొడవైంది. సనాతన యూదుల్లో పెళ్లయిన ఆడవాళ్లు సొంత జుట్టు పరాయివాళ్లకి కనబడకుండా విగ్గు పెట్టుకుంటారు. గుడిలో సమర్పించిన జుట్టుతో చేసిన విగ్గులు వాడకూడదని జెరూసలేంలో రబ్బీ (యూదు మతగురువు) ఎల్యాషివ్ తీర్పు ఇస్తే, న్యూయార్క్ బ్రూక్లిన్‌లో వీధుల్లోనే విగ్గులు తగలబెట్టారు.

పాతకాలం పిచ్చోడు
చూశారా, జుట్టు ఉండి కూడా దాన్ని కప్పడానికి విగ్గు! సొంత జుట్టని నమ్మించడానికి కాకుండా పెట్టుకునేదని నేను మొదట్లో చెప్పిన రకంలోకే వస్తుంది. గుడి జుట్టు ఒక్కటే కాదు, దువ్వెనకి వచ్చిన చిక్కు వెంట్రుకలు ఇంటింటికీ తిరిగి కొనేవాళ్లు, బదులుగా పిన్నులో స్టీలు గిన్నో ఇచ్చేవాళ్లు, అదంతా ఓ పెద్ద వ్యాపారం. దొంగదారిన దేశం దాటుతోందని 2022 జనవరిలో కేంద్రం ముడి వెంట్రుకల ఎగుమతి మీద ఆంక్షలు కూడా పెట్టింది.

అడ్మిన్
తలనీలాలకి వేరే చర్చ తెరవండి. ఇక్కడ పెళ్లిచూపులే.

కూకట్‌పల్లి కుర్రాడు
రజనీకాంత్ తెర మీద విగ్గుతో, బయట బట్టతలతో తిరుగుతారు. ఎవరైనా మోసం అన్నారా? మీ తమ్ముణ్ణీ అలాగే వెళ్లమనండి అక్కా, పెళ్లిచూపులకి ప్యాచ్ లేకుండా, పెళ్లి ఫొటోలకి ప్యాచ్‌తో.

కొత్తపేట కోడలు
రజనీకాంత్‌కి పిల్లనివ్వడానికి ఎవరూ బయోడేటా అడగట్లేదు తమ్ముడూ. అయినా నీ ఐడియా బాగుంది. ఇప్పుడు అబ్బాయిల్లో గుండు, గడ్డం స్టైలే. బయోడేటాలో రెండు ఫొటోలూ పెట్టేస్తే గొడవ లేదు.

ఉప్పల్ అక్క
రెండు ఫొటోల సంగతి బ్యూరో ఆవిడకి చెప్పాను. "అట్లయితే మా ఫీజు ముందే కట్టేయండి" అంది. తమ్ముడు ఇంకా అలిగే ఉన్నాడు. ప్యాచ్ లేని ఫొటో చూస్తే ఒక్క ఫోన్ కూడా రాదంటాడు.

తార్నాక తాతయ్య
రాని ఫోన్లు రాకపోవడమే మంచిది కదమ్మా.

నాగోల్ నల్లకోటు
అదంత తేలిక కాదు సార్, ముప్పై దాటిన కుర్రాడి టెన్షన్ వాడిది. ఫొటో ప్యాచ్‌తోనే పెట్టండి, కానీ రెండువైపులా చూసుకోకముందే అబ్బాయే అమ్మాయికి స్వయంగా చెప్పాలి. మధ్యవర్తి ద్వారా వద్దు, చెప్పలేదని రేపు ఎవరైనా అనొచ్చు. ఫీజు మాత్రం ముందే కట్టకండి అక్కా, బ్యూరోనే మార్చండి.