మైదానంలో వింత చేష్టలు: ఆవేశమా, లెక్కా?

ప్రశ్న (ఆఖరి_ఓవర్)

వృత్తి క్రీడాకారులు మ్యాచ్ మధ్యలో చేసిన వింత పనుల గురించి మాట్లాడేటప్పుడు మనం అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తుంటాం. 2006 జూలై 9న బెర్లిన్‌లో జరిగిన ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్లో జినెదిన్ జిదాన్ ఇటలీ డిఫెండర్ మాతెరాజీ ఛాతీని తలతో కుమ్మిన దృశ్యం, 1997లో లాస్ వెగాస్ బరిలో మైక్ టైసన్ హోలీఫీల్డ్ చెవి కొరికిన దృశ్యం, 1981లో ట్రెవర్ చాపెల్ ఆఖరి బంతిని నేలమీద దొర్లించిన దృశ్యం ఎప్పుడూ ఒకే వరుసలో కనిపిస్తాయి. కానీ ఇవి ఒకే జాతివని నాకు అనిపించదు. జిదాన్‌కు అది వృత్తి జీవితంలో చివరి మ్యాచ్. ఏడో నిమిషంలోనే పెనాల్టీని గోల్‌గా మలిచి, అదనపు సమయంలో జట్టును నడిపిస్తున్న మనిషి, నాలుగు మాటలు విని వెనక్కి తిరిగి వచ్చి అలా చేయడంలో లాభనష్టాల ఆలోచన ఉండే అవకాశమే లేదు. చాపెల్ సోదరులు చేసింది అందుకు పూర్తిగా భిన్నమైనది. ఒళ్లు తెలియని కోపంలో చేసిన పనికీ, నిబంధనల పుస్తకాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన పనికీ మధ్య గీత ఎక్కడ గీయాలి? ఆ రెండింటిలో ఆటను ఎక్కువగా మార్చినది ఏది? ఉదాహరణలతో చెప్పగలిగితే సంతోషిస్తాను.

జవాబు (పాత_స్కోరుకార్డు)

మీరు అడిగిన తేడాను చూడటానికి మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో 1981 ఫిబ్రవరి నెల ఒక్కటి చాలు.

ఫిబ్రవరి 1న ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ జట్ల మధ్య వన్డే ఫైనల్ పోటీలలో మూడోది జరిగింది. ఆఖరి బంతికి న్యూజిలాండ్ ఆరు పరుగులు చేస్తే మ్యాచ్ టై అవుతుంది. క్రీజులో ఉన్నది అప్పుడే బ్యాటింగ్‌కు వచ్చిన బ్రయన్ మెకెక్నీ. అవతలి కొసన బ్రూస్ ఎడ్గర్ సెంచరీ పూర్తి చేసి నిలబడి ఉన్నాడు. కెప్టెన్ గ్రెగ్ చాపెల్ తన తమ్ముడు ట్రెవర్‌ను బంతిని చేతి కింది నుంచి దొర్లించమన్నాడు, ఆ సంగతి అంపైర్‌కు చెప్పాడు, అంపైర్ బ్యాట్స్‌మన్‌కు తెలియజేశాడు. అంటే దొంగచాటుగా జరిగినది ఏదీ లేదు. వికెట్ల వెనుక రాడ్ మార్ష్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతుండగా బంతి పచ్చిక మీద దొర్లుకుంటూ వచ్చింది. మెకెక్నీ దాన్ని అడ్డుకుని బ్యాట్‌ను విసిరేశాడు. ఆస్ట్రేలియా ఆరు పరుగుల తేడాతో గెలిచింది. ఆనాటి నియమాల ప్రకారం ఆ బంతి చెల్లుతుంది. అయినా న్యూజిలాండ్ ప్రధాని రాబర్ట్ మల్డూన్ దాన్ని పిరికితనమన్నాడు, ఆస్ట్రేలియా ప్రధాని మాల్కమ్ ఫ్రేజర్ సైతం తన దేశపు జట్టును వెనకేసుకురాలేదు. ఆ తర్వాత వన్డేలలో అలాంటి బౌలింగ్‌ను నిషేధించారు.

పది రోజులు తిరగకముందే అదే మైదానంలో భారత్, ఆస్ట్రేలియా టెస్టు జరుగుతోంది. తొలి వికెట్‌కు చేతన్ చౌహాన్‌తో కలిసి 165 పరుగులు జోడించిన సునీల్ గవాస్కర్, 70 పరుగుల వద్ద ఉండగా ఆస్ట్రేలియా బౌలర్ డెనిస్ లిల్లీ బౌలింగ్‌లో ఎల్‌బీడబ్ల్యూగా అవుటయ్యాడు. బంతి బ్యాట్ అంచుకు తగిలిందన్నది గవాస్కర్ పట్టు. కదలకుండా నిలబడి బ్యాట్‌తో ప్యాడ్‌ను కొట్టి చూపించాడు, చివరికి కదిలాడు గానీ కొంత దూరం వెళ్లాక వెనక్కి వచ్చి, చౌహాన్‌ను కూడా తనతో రమ్మని పెవిలియన్ వైపు తోసుకుంటూ తీసుకెళ్లాడు. తనను రెచ్చగొట్టింది అంపైర్ నిర్ణయం కాదనీ, ఆస్ట్రేలియా ఆటగాళ్లు అన్న మాటలనీ ఆయన తర్వాత చెప్పాడు. బౌండరీ దగ్గర జట్టు మేనేజర్ షాహిద్ దురానీ ఎదురొచ్చి చౌహాన్‌ను అక్కడే ఆపి తిరిగి క్రీజుకు పంపాడు. చౌహాన్ గీత దాటి ఉంటే మ్యాచ్‌నే వదులుకున్నట్టు పరిగణించే ప్రమాదం ఉండేది. ఆగినందుకు ఏమి దక్కిందో చూడండి: 143 పరుగుల లక్ష్యంతో దిగిన ఆస్ట్రేలియా 83కే కుప్పకూలింది, గాయంతోనే బౌలింగ్ చేసిన కపిల్‌దేవ్ 28 పరుగులకు 5 వికెట్లు తీశాడు, సిరీస్ సమమైంది.

గవాస్కర్ ఆవేశం వల్ల ఏ నియమమూ మారలేదు. చాపెల్ లెక్క వల్ల నియమం మారింది. మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇదే. అయితే ఇంకొక్క మాట: ఆ రోజు గ్రెగ్ చాపెల్ ఎండలో 90 పరుగులు చేసి, ఆపైన ఫీల్డింగ్ అంతా నడిపించి బాగా అలిసిపోయి ఉన్నాడు. లెక్క అని మనం అంటున్నదాంట్లో అలసట పాలు ఎంతో కూడా చూడాలి.

జవాబు (గోల్‌పోస్టు_వెనుక)

పై జవాబులోని వివరాలతో నాకు పేచీ లేదు గానీ, ఆవేశం, లెక్క అనే రెండే గదులు ఉన్నాయనడం సరికాదు. ఉరుగ్వే ఫుట్‌బాల్ ఆటగాడు లూయిస్ సువారెజ్ ఒక్కడే ఆ విభజనను తలకిందులు చేస్తాడు.

2010 జూలై 2న జోహానెస్‌బర్గ్‌లో ఉరుగ్వే, ఘనా ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ 1-1తో సమంగా ఉండగా, అదనపు సమయపు ఆఖరి క్షణాల్లో ఘనా ఆటగాడు అడియా తలతో కొట్టిన బంతి గోల్‌లోకి దూసుకెళుతోంది. గోల్‌గీత మీద నిలబడ్డ సువారెజ్ దాన్ని గోల్‌కీపర్‌లా రెండు చేతులతో తోసేశాడు. రెడ్ కార్డు, పెనాల్టీ. సొరంగ మార్గం దగ్గర ఆగి వెనక్కి చూస్తున్న అతని కళ్లముందే అసమోవా గ్యాన్ కొట్టిన పెనాల్టీ క్రాస్‌బార్‌కు తగిలి పైకి లేచిపోయింది. షూటౌట్‌లో ఉరుగ్వే 4-2తో గెలిచింది. ఖాయమైన గోల్‌ను, తప్పిపోవడానికి అవకాశమున్న పెనాల్టీతో మార్చుకోవడం ఎంత పదునైన లెక్కో చూడండి. కానీ బంతి గాలిలో ఉన్న ఆ అర సెకనులో ఏ మనిషీ కూడికలు, తీసివేతలు చేయలేడు. అది ఏళ్ల తరబడి ఆడిన ఒంటికి అబ్బిన స్పందన. ఆటగాడి బుర్ర కన్నా ముందు అతని చేతులు నిర్ణయం తీసుకున్నాయి.

అదే సువారెజ్ 2014 జూన్ 24న నటాల్‌లో ఇటలీ డిఫెండర్ కియెల్లీని భుజం కొరికాడు. 2010లో బక్కాల్‌ను, 2013లో ఇవానోవిచ్‌ను కొరికి నిషేధాలు అనుభవించిన తర్వాత ఇది మూడోసారి. ఫిఫా అతనిపై తొమ్మిది అంతర్జాతీయ మ్యాచ్‌ల నిషేధం, దానితో పాటు నాలుగు నెలల పాటు ఫుట్‌బాల్‌కే దూరంగా ఉండాలన్న శిక్ష విధించింది. ఇందులో లాభం పిసరంత లేదు. చేతితో ఆపిన పనిని నేను అర్థం చేసుకోగలను, ఘనా అభిమానుల గుండెకోతను కూడా అర్థం చేసుకోగలను. కొరకడాన్ని మాత్రం ఏ కోణం నుంచి చూసినా సమర్థించలేను.

జవాబు (నిబంధన_పదిహేడు)

లెక్క వైపు నుంచి నా దృష్టిలో అన్నిటికన్నా వింతైనది 1994 జనవరి 27న బార్బడోస్, గ్రెనడా జట్ల మధ్య కరీబియన్ కప్ అర్హత పోటీలో జరిగింది. ముందంజ వేయాలంటే బార్బడోస్ కనీసం రెండు గోల్స్ తేడాతో గెలవాలి. ఆ టోర్నీలో అదనపు సమయంలో పడే తొలి గోల్‌తోనే మ్యాచ్ ముగుస్తుంది, పైగా ఆ గోల్‌ను రెండుగా లెక్కిస్తారు. 2-0 ఆధిక్యంలో ఉన్న బార్బడోస్ 83వ నిమిషంలో ఒక గోల్ ఇచ్చుకుంది. మిగిలిన కాసేపట్లో మరో గోల్ కొట్టడం కష్టమని గ్రహించిన ఆ జట్టు డిఫెండర్, తన గోల్‌కీపర్‌తో బంతిని అటూ ఇటూ మార్చుకుని, 87వ నిమిషంలో కావాలనే సొంత గోల్‌లోకి తన్నాడు. స్కోరు 2-2 అయితే అదనపు సమయం వస్తుంది, అక్కడ ఒక్క గోల్ పడితే చాలు.

గ్రెనడాకు విషయం అర్థం కాగానే ఆట పూర్తిగా తిరగబడింది. 3-2తో ఓడినా వాళ్లు అర్హత సాధిస్తారు, 3-2తో గెలిచినా సాధిస్తారు. కాబట్టి రెండు గోల్‌పోస్టులలో దేనిలో బంతి వేసినా వాళ్లకు సరిపోతుంది. ఆ మిగిలిన నిమిషాల్లో బార్బడోస్ ఆటగాళ్లు తమ గోల్‌ను, ప్రత్యర్థి గోల్‌ను కూడా కాపాడుతూ పరుగులు తీశారు. అదనపు సమయంలో గోల్ కొట్టి 4-2తో ముందుకు వెళ్లారు. ఇందులో ఆటగాళ్లను తప్పుపట్టడం అన్యాయం. అలాంటి నియమం రాసినవారే దీనికి బాధ్యులు.

క్రికెట్‌లో దీనికి దగ్గరగా వచ్చేది 1979 డిసెంబరులో పెర్త్ టెస్టులో డెనిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్‌తో దిగడం. బంతి పాడైపోతోందని ఇంగ్లండ్ కెప్టెన్ మైక్ బ్రేర్లీ అభ్యంతరం చెప్పాడు, చివరికి గ్రెగ్ చాపెలే మైదానంలోకి వచ్చి మామూలు బ్యాట్ తీసుకోమనగా లిల్లీ దాన్ని దూరంగా విసిరికొట్టాడు. లెక్కతో మొదలైన పని ఆవేశంతో ముగిసిందన్నమాట. బ్యాట్ చెక్కతోనే ఉండాలని అప్పటివరకు నియమం లేదు. 1980 నియమావళిలో అది చేరింది.

జవాబు (రెండో_అర్ధభాగం)

పైన అందరూ ఆటగాడి మనసులో ఏముందో తెలిసినట్టే రాశారు. అక్కడే జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం.

1974 జూన్ 22న పశ్చిమ జర్మనీలోని గెల్సెన్‌కిర్చెన్‌లో జైర్ (ఇప్పటి డీఆర్ కాంగో), బ్రెజిల్ ప్రపంచకప్ మ్యాచ్ చివరి నిమిషాలు గుర్తు చేసుకోండి. బ్రెజిల్‌కు ఫ్రీకిక్ దక్కింది. రిఫరీ ఈల వేయగానే, అడ్డుగోడగా నిలబడ్డ జైర్ ఆటగాళ్లలోంచి మ్వెపు ఇలుంగా ముందుకు దూకి, బ్రెజిల్ ఆటగాళ్లు తాకకముందే బంతిని బలంగా తన్నేశాడు. పసుపు కార్డు చూపిస్తే తానేం తప్పు చేశానన్నట్టు నిలబడ్డాడు. పాపం నియమాలే తెలియవంటూ దశాబ్దాల పాటు ప్రపంచమంతా ఆ దృశ్యాన్ని చూసి నవ్వుకుంది. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా నుంచి ప్రపంచకప్‌కు చేరిన మొట్టమొదటి జట్టు అది. అర్హత పోటీలు దాటి వచ్చిన ఆటగాడికి ఫ్రీకిక్ అంటే తెలియదని ఎలా నమ్మారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇలుంగా తర్వాతి కాలంలో ఇచ్చిన ఇంటర్వ్యూలలో నియమం తనకు బాగా తెలుసునని చెప్పాడు. ఆ జట్టుకు ఇస్తామన్న డబ్బు అందలేదు. యుగోస్లావియా చేతిలో 9-0తో ఓడిన తర్వాత నియంత మొబుటు మనుషులు వచ్చి, బ్రెజిల్ చేతిలో మరీ ఘోరంగా ఓడితే ఇంటి ముఖం చూడలేరని బెదిరించారని ఆటగాళ్లు చెప్పారు. అప్పటికే బ్రెజిల్ ఆధిక్యంలో ఉంది. ఆ తన్నులో కోపం ఉంది, భయం ఉంది, నిమిషాలు గడిపేయాలన్న ఆరాటమూ ఉంది. దాన్ని ఏ గదిలో పెడతారు?

ఆఖరి_ఓవర్ (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. సువారెజ్ ఉదాహరణ చదివాక, ఆవేశానికీ లెక్కకూ నడుమ ఒంటికి అలవాటైన స్పందన అనే మూడోదాన్ని ఒప్పుకోక తప్పదు. కొలంబియా గోల్‌కీపర్ రెనే హిగీటా 1995 సెప్టెంబరు 6న వెంబ్లీలో, చేతులతో సులువుగా అందుకోగల బంతిని వదిలేసి, ముందుకు దూకి మడమలతో వెనుక నుంచి తన్నిన తేలు కిక్‌ను కూడా నేను అందులోనే చేరుస్తాను. ఇదే హిగీటా 1990 ప్రపంచకప్‌లో గోల్ వదిలి ముందుకొచ్చి బంతితో విన్యాసం చేయబోగా, కామెరూన్ ఆటగాడు రోజర్ మిల్లా దాన్ని లాక్కుని గోల్ కొట్టాడు, కొలంబియా ఇంటిదారి పట్టింది. ఆ దెబ్బ తిన్నాక కూడా అయిదేళ్లకు తేలు కిక్ కొట్టాడంటే అది అతని స్వభావమే అయి ఉండాలి.

ఇలుంగా విషయంలో రెండో_అర్ధభాగం గారి అభ్యంతరం న్యాయమైనది. నేను ఆ దృశ్యాన్ని ఇన్నాళ్లూ వినోదంగానే చూశాను. ఆ జట్టు స్వదేశానికి తిరిగి వెళ్లాక ఆటగాళ్లకు ఏమి జరిగిందో తెలిసినవారు ఉంటే దయచేసి వివరంగా రాయండి.