సగం తెరిచి ఉంచిన గేట్ వాల్వ్ ఇప్పుడు అసలు మూతపడట్లేదు. బాల్ వాల్వ్ పెట్టాలా?

మేడమీద_ట్యాంకు:

మాది రెండంతస్తుల ఇల్లు. పైన ట్యాంకు, దాని అడుగు నుంచి అంగుళం పైపు కిందికి దిగుతుంది. పైపు మొదట్లోనే ఎర్ర చక్రం ఉన్న ఇత్తడి గేట్ వాల్వ్. ఇల్లు కట్టినప్పటిది, ఇరవై ఏళ్లు దాటింది. మా నాన్న దాన్ని ఏనాడూ పూర్తిగా తెరవనివ్వలేదు. "ప్రెజర్ ఎక్కువైతే కింద జాయింట్లు ఊడతాయి, కుళాయి తిప్పితే నీళ్లు మొహాన కొడతాయి" అంటారు. మొత్తం ఆరు చుట్లు తిరిగే చక్రాన్ని రెండున్నర చుట్ల దగ్గర ఆపి, ఎవరూ కదపకుండా గుర్తుకి తెల్ల పెయింటు చుక్క పెట్టారు. ఆ చుక్క పక్కకి జరిగితే ఇంట్లో విచారణ కమిషన్ వేసినంత పని.

పోయిన వారం కింద బాత్రూంలో కుళాయి మార్చాలని వాల్వ్ మూశాను. చక్రం చివరిదాకా వెళ్లి గట్టిగా ఆగింది. అయినా కింద పెన్సిలంత ధార వస్తూనే ఉంది. చేసేది లేక ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కుళాయి మార్చాం. మళ్లీ తెరిచిన దగ్గర్నుంచి చక్రం అడుగున, కడ్డీ చుట్టూ నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి.

వచ్చిన ప్లంబర్ "ఇది పోయింది, ఇంట్లో ఉన్నవన్నీ తీసి బాల్ వాల్వ్‌లు పెట్టేద్దాం" అన్నాడు. నాన్నేమో "గేట్ వాల్వ్ అంటే గట్టి సరుకు, బాల్ వాల్వ్ ఆటబొమ్మ" అంటున్నారు. మధ్యలో నాకు టెన్షన్. అడగాల్సినవి ఇవి: ఇది బాగవుతుందా? బాల్ వాల్వ్ పెడితే దాన్ని కూడా సగమే తెరిచి ఉంచుకోవచ్చా? ఇంకోటి, మోటారు ఆపిన మరుక్షణం గోడలో ఢామ్మని చప్పుడు వస్తోంది. దీనికీ వాల్వ్‌కీ ఏమైనా సంబంధం ఉందా?

పాత_పానా:

అమ్మా, ఇరవై ఆరేళ్లు పైపుల పనిలోనే ఉన్నాను. ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోక ఇంట్లో కూర్చుని ఇలా రాస్తున్నా. మీ నాన్నగారి మీద నాకు గౌరవమే. కానీ ఆ వాల్వ్‌ని పాడుచేసింది ఆ తెల్ల చుక్కే.

గేట్ వాల్వ్ లోపల ఉండేది చీలలాంటి బిళ్ల. చక్రం తిప్పితే అది పైకి లేచి పైపుకి పూర్తిగా అడ్డు తప్పుకుంటుంది, లేదా కిందికి దిగి రెండు పక్కలా ఆనుకుని మూస్తుంది. ఆ రెండు పనులకే దాన్ని తయారు చేశారు. సగంలో వేలాడదీస్తే ఏమవుతుంది? నీళ్లన్నీ బిళ్ల కింద ఉన్న సన్న సందులోంచి దూసుకెళ్తాయి. బిళ్ల వదులుగా ఊగుతూ అదురుతుంది. దాని అడుగు అంచు, అది కూర్చునే చోటు రెండూ ఏళ్ల తరబడి కోసుకుపోతాయి. బిళ్ల కింద సందులో ఇసుక, సున్నం పేరుకోవడం ఇంకో తంటా. ఇప్పుడు మీరు ఎంత బిగించినా అది పూర్తిగా ఆనుకోదు. దయచేసి చక్రానికి పైపు తగిలించి బలవంతంగా తిప్పకండి. కడ్డీ విరిగితే బిళ్ల ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది.

చుక్కలు కారడం మాత్రం వేరే జబ్బు, చిన్నది. కడ్డీ బయటికొచ్చే చోట గ్లాండ్ నట్టు ఉంటుంది, లోపల తాడులాంటి ప్యాకింగ్. ఏళ్ల తరబడి కదలని కడ్డీని మీరు ఒక్కసారిగా అటూ ఇటూ తిప్పారు, ఎండిపోయిన ప్యాకింగ్ చెదిరింది. పానాతో ఆ నట్టుని పావు చుట్టు బిగించి చూడండి. ఆగితే సరే. మరీ బిగిస్తే చక్రం తిరగదు, అక్కడ ఆపెయ్యాలి. ప్యాకింగ్ మార్చినా పెద్ద పనేం కాదు. కోసుకుపోయిన బిళ్లకి మాత్రం మందు లేదు. వాల్వ్ మార్చాల్సిందే.

ఇక అసలు విషయం. వాల్వ్ సగం మూస్తే ప్రెజర్ తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గేది నీళ్లు పారే జోరు. అదీ కుళాయి తెరిచి ఉన్నంతసేపే. కుళాయిలన్నీ కట్టేశాక నీళ్లు కదలవు. అప్పుడు వాల్వ్ రెండున్నర చుట్లు తెరిచున్నా ఆరు చుట్లు తెరిచున్నా కింద జాయింట్ల మీద పడే ప్రెజర్ ఒక్కటే. అది ట్యాంకులో నీటి మట్టం ఎంత ఎత్తులో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. పది మీటర్ల ఎత్తుకి సుమారు 1 బార్ (బార్ అంటే ప్రెజర్ కొలత). మీ ఇంట్లో కింది కుళాయికీ ట్యాంకుకీ ఎనిమిది మీటర్లు ఉందనుకుందాం, 0.8 బార్. దానికి జాయింట్లు ఊడవు. అంటే ఇరవై ఏళ్లుగా రాత్రంతా మీ పైపులు పూర్తి ప్రెజర్‌నే మోస్తున్నాయి. ఈ సంగతి నాన్నగారికి మెల్లగా చెప్పండి.

ట్యాంకు దగ్గర బాల్ వాల్వ్ పెట్టండి. పూర్తి రంధ్రం ఉన్నది, అంటే లోపలి గోళం బెజ్జం పైపంత వెడల్పు ఉన్నది అడిగి తీసుకోండి. పావు తిప్పు తిప్పితే తెరుచుకుంటుంది, పావు తిప్పితే మూతపడుతుంది. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. చీకట్లో తడిమి చూసినా తెలుస్తుంది. గేట్ వాల్వ్‌లో ఆ సుఖం లేదు, చక్రాన్ని చూసి లోపల బిళ్ల ఎక్కడుందో చెప్పలేం. కానీ దీన్ని కూడా సగంలో ఆపకండి. గోళం చుట్టూ ఉండేవి టెఫ్లాన్ రింగులు. సగం తెరిచి ఉంచితే నీటి దెబ్బంతా రింగులో ఒక పక్కనే పడి అది దెబ్బతింటుంది, తర్వాత మూసినా సన్నగా కారుతుంది.

తగ్గించుకోవాలంటే అందుకు పుట్టింది గ్లోబ్ వాల్వ్. దాంట్లో నీళ్లు మెలిక తిరిగి, కింది నుంచి ఒక బిళ్లని దాటి వెళ్తాయి. బిళ్ల నీటికి ఎదురుగా ఉంటుంది కాబట్టి ఎంత కావాలంటే అంత దగ్గర ఆపుకోవచ్చు. ఒంటి మీద బాణం గుర్తు ఉంటుంది, అటే పెట్టాలి. అలాగని ట్యాంకు మొదట్లో పెట్టేరు, వద్దు. ఆ మెలిక వల్ల నీళ్ల జోరు బాగా పడిపోతుంది. అంగుళం గ్లోబ్ వాల్వ్ పూర్తిగా తెరిచి ఉన్నా, దాదాపు ఎనిమిది మీటర్ల పైపు అదనంగా కలిపినంత అడ్డు. అదే సైజు గేట్ వాల్వ్‌కి జానెడు పైపంత అడ్డు కూడా ఉండదు. ట్యాంకు దగ్గర గ్లోబ్ పెడితే పై అంతస్తు బాత్రూంలో నీళ్లు ఏడుస్తూ వస్తాయి, అసలే అక్కడ ఎత్తు తక్కువ. కింది అంతస్తుకి విడిపోయే పైపు మీద మాత్రమే పెట్టండి.

నిజానికి ఒక్క కుళాయే చిమ్ముతోందంటే గ్లోబ్ వాల్వ్ కూడా ఎందుకు? వాష్ బేసిన్ కింద యాంగిల్ వాల్వ్ ఉంటుంది కదా, అది కొంచెం తిప్పితే చాలు.

మోటారు చప్పుడు గురించి ఇంకెవరైనా చెప్పండి. నా టైపింగ్ వేగానికి తెల్లారుతుంది.

నీటిసుత్తి:

చప్పుడు సంగతి నేను చెప్తాను. నేను పంపుల పాఠాలు చెప్పేవాణ్ణి.

మోటారు దగ్గర పైకి వెళ్లే పైపు మీద ఎన్‌ఆర్‌వి ఉంటుంది, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్. మీ ఇంట్లో ఉన్నది బహుశా తలుపు రకం. లోపల ఒక రెక్క కీలు మీద వేలాడుతుంది. మోటారు నడిచేటప్పుడు నీళ్లు దాన్ని తోసుకుని పోతాయి. మోటారు ఆపగానే పైకి పోతున్న నీళ్లు క్షణంలో నెమ్మదించి, ఆగి, వెనక్కి తిరుగుతాయి. రెక్క బరువుగా ఉంటేనో, కీలు దగ్గర తుప్పు పట్టి ఉంటేనో పడటానికి ఆలస్యం చేస్తుంది. ఈలోగా నీళ్లు వెనక్కి వేగం అందుకుంటాయి. అప్పుడు రెక్క ఢామ్మని కొట్టుకుంటుంది. మీరు వినేది అదే.

ఇది చప్పుడుతో పోయేది కాదు. సెకనుకి ఒక మీటరు వేగంతో పోయే నీటిని ఒక్కసారిగా ఆపితే, ఇనుప పైపులో దాదాపు 12 బార్ ప్రెజర్ అదనంగా లేస్తుంది. పీవీసీ పైపు కాస్త సాగుతుంది కాబట్టి నాలుగైదు బార్‌తో సరిపెడుతుంది. జుకోవ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త మాస్కో నీటి పైపుల మీద పరీక్షలు చేసి ఈ లెక్క కట్టారు, 1898లో అచ్చయింది. కాబట్టి మీ నాన్నగారి భయం సరైనదే, చోటే తప్పు. జాయింట్లని ఊడగొట్టగలిగేది ట్యాంకు నుంచి దిగే పైపు కాదు, ట్యాంకుకి ఎక్కే పైపు.

స్ప్రింగ్ రకం ఎన్‌ఆర్‌వి పెట్టండి. నీళ్లు వెనక్కి తిరిగేదాకా కాచుకోకుండా, జోరు తగ్గుతుండగానే స్ప్రింగ్ దాన్ని మూసేస్తుంది. మోటారు, దాని తర్వాత ఎన్‌ఆర్‌వి, ఆ తర్వాత ఒక బాల్ వాల్వ్. ఈ వరస మార్చకండి. ఎప్పుడైనా ఎన్‌ఆర్‌వి విప్పాల్సి వస్తే ఆ బాల్ వాల్వ్ మూస్తే చాలు, పైపులో నిలిచిన నీళ్లన్నీ మీ మీద పడవు.

పాత_పానా గారూ, బాల్ వాల్వ్‌ని అంతగా పొగిడారు, ఒక్కటి వదిలేశారు. పావు తిప్పుతో ఠపీమని మూసినా ఇదే సుత్తి దెబ్బ పడుతుంది. మెల్లగా తిప్పమని కూడా చెప్పాలి. పెద్ద పైపులకి ఇప్పటికీ గేట్ వాల్వ్‌లు వాడటానికి అదొక కారణం, తొందరగా మూద్దామన్నా కుదరదు.

పాత_పానా:

ఒప్పుకున్నా మాస్టారూ. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్లు కాలితో తన్ని మూసేవాళ్లు.

గోడకి_దగ్గర:

నా అనుభవం ఒకటి, చిన్నదే. మేం కూడా గేట్ తీసి బాల్ వాల్వ్ పెట్టించాం. అంతా బిగించాక చూస్తే పిడి తిరగదు. వాల్వ్ గోడకి రెండంగుళాల దూరంలో ఉంది, పిడి అంతకంటే పొడవు. చక్రానికి చోటు సరిపోతుంది, పొడుగు పిడికి సరిపోదు. మళ్లీ కోసి, సీతాకోకచిలుక రెక్కల్లాంటి పొట్టి పిడి ఉన్నది వేశారు. కొనేముందు టేపు పెట్టి కొలుచుకోండి. పక్కన ఒక యూనియన్ (పైపు కోయకుండా విప్పి బిగించుకోగల జాయింటు) కూడా వేయించండి, లేదంటే ఈసారి మార్చాలన్నా పైపు కోయాల్సిందే.

ఇంకోటి. ఏడాదికి రెండుసార్లు అన్ని వాల్వ్‌లూ ఒకసారి మూసి తెరవండి. మా పాత ఇంట్లో ఒకసారి అర్ధరాత్రి పైపు పగిలింది. పరుగెత్తుకెళ్లి మెయిన్ వాల్వ్ పట్టుకుంటే సున్నం పట్టి బిగుసుకుపోయింది, పిసరంత కూడా కదల్లేదు. తెల్లారేదాకా బకెట్లతో ఎత్తిపోశాం.

మేడమీద_ట్యాంకు:

అందరికీ థాంక్స్. నిన్న పని అయింది, ఏం జరిగిందో చెప్తాను.

గ్లాండ్ నట్టు పావు చుట్టు బిగించగానే చుక్కలు ఆగిపోయాయి. అది చూసి నాన్న "చూశావా, బాగానే ఉంది" అని వాల్వ్ మార్చడం మానేయమన్నారు. అయినా ట్యాంకు ఖాళీ చేయించి తీయించాను. విప్పి చూస్తే పాత_పానా గారు చెప్పినట్టే ఉంది. బిళ్ల అడుగు అంచు ఎలుక కొరికినట్టు ఒక పక్కకి అరిగి, గుంటలు పడి ఉంది. కింది సందులో గుప్పెడు ఇసుక. నాన్న కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. ఆ బిళ్లని కడిగి కిటికీలో పెట్టుకున్నారు.

ప్రెజర్ లెక్క మాత్రం మాటలతో నమ్మలేదు. పాత వాల్వ్ తీయకముందే, అన్ని కుళాయిలూ కట్టేసి, కింద ఒక ప్రెజర్ గేజ్ తగిలించాం. రెండున్నర చుట్లు తెరిచి చూశాం, ఆరు చుట్లు తెరిచి చూశాం. ముల్లు రెండుసార్లూ ఒకే చోట నిలబడింది. గేజ్ పాడైందేమో అన్నారు. కుళాయి తెరిచి మళ్లీ చూపిస్తే ముల్లు కదిలింది. అప్పుడు ఒప్పుకున్నారు.

ట్యాంకు దగ్గర బాల్ వాల్వ్, పక్కన యూనియన్. కింది అంతస్తు పైపు మీద గ్లోబ్ వాల్వ్, బాణం చూసి నేనే దగ్గరుండి పెట్టించాను. పై బాత్రూంలో షవర్ ఇంత బాగా వస్తుందని మాకు ఇరవై ఏళ్లు తెలియదు. స్ప్రింగ్ ఎన్‌ఆర్‌వి ఇంకా రాలేదు, కాబట్టి ఢామ్ చప్పుడు అలాగే ఉంది.

ఒక సందేహం మిగిలింది. నాన్న పెయింటు డబ్బా వెతుకుతున్నారు. కొత్త వాల్వ్ మీద చుక్క పెడతారట. ఏమని చెప్పను?

పాత_పానా:

బాల్ వాల్వ్ మీద వద్దు, దాని పిడే దాని గుర్తు. గ్లోబ్ వాల్వ్ మీద నిక్షేపంగా పెట్టుకోమనండి. కింద కుళాయి విప్పి, చాలు అనిపించిన చోట ఆపి, ఆ తర్వాత చుక్క పెట్టాలి.