మందు మానేసి టీ పట్టుకోవడం: వ్యసనం మార్చుకోవడమేనా, లేక నిజంగానే రుచి తెలియడమా?

గోదారిగట్టు:
మా ఆఫీసులో ఒకాయన అన్నాడు, మందు మానినోళ్ళంతా టీకి బానిసలైపోతారు, ఒక గ్లాసు పోయి ఇంకో గ్లాసు వచ్చింది అంతే, తేడా ఏముంది అని. నేను మందు మానేసి చాలా కాలమైంది, ఆ మాట నాకు అస్సలు ఎక్కలేదు. తాగే రోజుల్లో రుచి అనేది ఎవడు చూశాడండీ, సోడా పోసుకుని గొంతులోకి దించేయడమే కదా, పక్కనున్న పల్లీల మసాలా ఎలా ఉందో కూడా తెలిసేది కాదు. ఇప్పుడు డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్, అంటే మార్చి ఏప్రిల్‌లో కోసే తొలి ఆకు, పాలు పోయకుండా మూడు నిమిషాలు ఊరనిచ్చి తాగితే ముందు పచ్చి ఆకు వాసన, తర్వాత పూల వాసన, చివర్లో నాలుక అంచున సన్నటి వగరు, ఒక్కోటీ విడిగా తెలుస్తోంది. మత్తు కోసం తాగేవాడికి ఇదంతా పడుతుందా? మీరేమంటారో చెప్పండి.

లెక్కలమాస్టారు:
మీ ఆఫీసాయన చెప్పిందాంట్లో సగం నిజమే అండీ. కెఫీన్ కూడా అలవాటయ్యేదే, ఒక్కసారిగా ఆపి చూడండి తల పగిలిపోతుంది. అంతకంటే చక్కెర గురించి మాట్లాడరే? మందు మానినవాళ్ళకి తీపి మీదకి మనసు లాగడం మామూలే. రోజుకి ఎనిమిది టీలు, టీకి రెండు చెంచాలు, చెంచా నాలుగు గ్రాములు అనుకున్నా 64 గ్రాములు. లివర్ బాగుపడాలని మందు మానేసి షుగర్ తెచ్చుకుంటే ఏం లాభం?

పాతబస్తీ_పోరడు:
మాస్టారూ లెక్క కరెక్టే గానీ అసలు సంగతి అది కాదు. మందు మానినోనికి కష్టమయ్యేది పొద్దుమీకి ఏడు గంటలకు. దోస్తులందరు బార్‌ల ఉంటరు, ఇంట్ల కూసుంటే పిచ్చి లేస్తది, ఎటు పోవాలె? గా టైంల నన్ను ఆదుకున్నది ఇరానీ హోటలే. డికాక్షన్ మూతేసి దమ్ మీద పెడ్తరు, పాలు వేరేగ చిక్కగయ్యేదాంక మరగనిస్తరు, కప్పుల రెండు కలుస్తయ్. పక్కన ఉప్పుప్పగా తియ్యతియ్యగా ఉస్మానియా బిస్కట్. వన్ బై టూ చెప్పి గంటసేపు కూసున్నా లెవ్వమనరు. బార్‌ల దొరికే ముచ్చట ఈడ గూడ దొరికింది, తెల్లారి తలనొప్పి లేకుంట.

సింహపురి_సుజాత:
ఆ హోటళ్ళలో మగాళ్ళే ఎక్కువ కనిపిస్తారన్నది పక్కన పెడతా. మాది నెల్లూరు జిల్లా. దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడింది మా వైపే, 1993లో సారా ఆపారు, 1995లో పూర్తి మద్య నిషేధం పెట్టారు, 1997లో దాన్ని ఎత్తేశారు. కొట్టు మూసినంత మాత్రాన మనిషి సాయంత్రం నిండదు, ఇది మా ఇంట్లోనే చూశా. నాన్న మందు మానేశాక అమ్మ రోజూ దీపాలవేళకి అల్లం దంచి టీ పెట్టి ఆయనతో పాటు అరుగు మీద కూర్చునేది, పంట గురించో చుట్టాల గురించో ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్ళు. లెక్కలమాస్టారు గారూ, రెండూ ఒకటే వ్యసనం అని తాగుబోతు ఇంట్లో పెరిగినవాళ్ళ ముందు మాత్రం అనకండి. టీ తాగొచ్చిన నాన్నకి భయపడి ఏ పిల్లలూ పక్కింట్లో పడుకోరు.

వార్డుడ్యూటీ:
ఆసుపత్రిలో పని చేస్తాను, ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగినవాళ్ళు ఇది చదివి రేపట్నుంచి టీ తాగుతా అని ఒక్కసారిగా ఆపేయొద్దు. రెండు మూడు రోజుల్లోపే చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనిపించడం లాంటివి మొదలవ్వొచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్ళే మానాలి, డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 ఉంది. మానిన కొత్తలో ఎలాగూ నిద్ర పట్టదు, కాబట్టి సాయంత్రం స్ట్రాంగ్ టీ వద్దు, పల్చగా చాలు. అన్నంతో పాటు టీ తాగితే ఐరన్ సరిగా ఒంటపట్టదు, కాస్త ఎడం ఇవ్వండి. ఇంకోటి, కొంబుచా టీయే కదా అని కొంటున్నారు, అది పులియబెట్టింది, అందులో కొద్దిగా ఆల్కహాల్ ఉంటుంది, మానినవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మేలు.

లెక్కలమాస్టారు:
సుజాత గారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా, రెండూ ఒకటి కావు. చక్కెర మాట మాత్రం వదలను. చక్కెర లేకుండా తాగమంటే మన డస్ట్ టీ చేదు నోట్లో పెట్టలేం కదా, మరి దానికేం చెప్తారు?

గోదారిగట్టు:
ఆ పొడి అసలు పాలూ చక్కెరా పోసి మరిగించడానికి తయారైందే అండీ, మిషన్లో నలిపి చించి చుట్టిన సీటీసీ, రంగూ ఘాటూ త్వరగా దిగుతాయి. చక్కెర మానాలంటే ఆకు మార్చాలి. నీలగిరి ఆకు టీ వంద గ్రాములు తెచ్చుకోండి, పొయ్యి మీద ఆకు మరిగించొద్దు, మరిగిన నీళ్ళు ఆకు మీద పోసి మూత పెట్టి మూడు నిమిషాలకి వడగట్టేయండి. గ్రీన్ టీ అయితే నీళ్ళు కాస్త చల్లారాక పోయాలి, లేకపోతే చేదే. ముందు అరచెంచా చక్కెరతో మొదలెట్టి తగ్గించుకుంటూ రండి. తాగి ఎలా ఉందో ఇక్కడే రాయండి, బాలేదన్నా సరే రాయండి.