మలేషియాలో చైనీయులెక్కడ, మనవాళ్లెక్కడ? ఈ తేడా ఎందుకొచ్చింది?

కేఎల్ ఉద్యోగి

హైదరాబాద్ నుంచి వచ్చి కౌలాలంపూర్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్నా. ఇక్కడ ఒక మాట తరచూ చెవిన పడుతోంది, అదీ ఎక్కువగా భారతీయుల నోటి నుంచే: "చైనావాళ్లూ కూలీలుగానే వచ్చారు, మనవాళ్లూ కూలీలుగానే వచ్చారు. వాళ్లు షాపులు పెట్టారు, మనవాళ్లు ఆ షాపుల ముందు సెక్యూరిటీగా నిలబడ్డారు." ఎందుకలా అయిందని అడిగితే పొదుపు లేదు, కల్లు మానలేదు, చదువు పట్టించుకోలేదు అని తేల్చేస్తారు. తేడా నిజంగా అంత ఉందా? ఉంటే కారణం ఇదేనా? ఈ గ్రూపులో మలేషియా తెలుగువాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. దయచేసి కొట్టుకోకుండా చెప్పండి.

సూటిగా

చేదుగా ఉన్నా నిజం నిజమే బ్రదర్. చైనీయుడు రూపాయి సంపాదిస్తే అర్ధ రూపాయి దాస్తాడు, దాన్ని తమ్ముడి కొట్లో పెడతాడు. ఒకే ఊరివాళ్లు, ఒకే ఇంటిపేరువాళ్లు సంఘం కట్టుకుని కొత్తగా వచ్చినవాడికి పని చూపిస్తారు. మనవాళ్లకు సంఘం అంటే గుడి ఉత్సవం, కులం గొడవ. బ్రిటిష్‌వాడు వెళ్లి అరవై ఏళ్లు దాటింది. ఇంకా ఎన్నాళ్లు వాడి పేరు చెప్పి తప్పించుకుంటాం?

లెక్కల మాస్టారు

ముందు లెక్క చూద్దాం, తర్వాత తీరిగ్గా కొట్టుకోవచ్చు.

ద్వీపకల్ప మలేషియాలో 1970లో కుటుంబ సగటు నెల ఆదాయం మలయ్‌లకు 172 రింగిట్లు, భారతీయులకు 304, చైనీయులకు 394. అంటే చైనీయ ఇంటికి 100 వస్తే భారతీయ ఇంటికి 77. దేశం మొత్తానికి 2004 లెక్క తీస్తే 4,437కి 3,456, అంటే 78. ముప్పై నాలుగేళ్లకు పెరిగింది ఒక్క పాయింటు. 2019కి వస్తే 9,895కి 8,216, అంటే 83. చైనీయుల ఇళ్లలో సగటున మనుషులు తక్కువ కాబట్టి తలసరి చూస్తే తేడా ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది.

కానీ నన్నడిగితే అసలు కథ జీతాల్లో లేదు, ఆస్తిలో ఉంది. ప్రభుత్వం లెక్కగట్టిన కంపెనీ వాటాల్లో 1970లో చైనీయుల వంతు 27.2 శాతం, 2004లో 39. భారతీయుల వంతు 1970లో 1.1 శాతం, 2004లో 1.2. ఈ వాటాల లెక్క కట్టే పద్ధతి మీద అక్కడ పెద్ద గొడవే నడిచింది గానీ, ఆ గొడవంతా మలయ్‌ల వాటా గురించి. భారతీయులది ఒక శాతం దగ్గరే ఉందన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు.

ఆదాయంలో 77 అంటే సూటిగా గారు చెప్పినంత ఘోరం కాదు. ఆస్తిలో 1.2 అంటే ఆయన చెప్పినదానికన్నా ఘోరం.

పెరాక్ మనవరాలు

మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పెరాక్ రాష్ట్రంలో బాగన్ దాతో అనేచోట కొబ్బరి తోటల్లో దిగాడు. అమ్మవైపువాళ్లది రబ్బరు తోట. కాబట్టి సూటిగా అన్నా, ఈ పోస్టు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

"ఇద్దరూ కూలీలే" అన్న మాట దగ్గరే తేడా మొదలవుతుంది. రబ్బరు చెట్టుకు గాటు తెల్లారకముందే పెట్టాలి, ఎండెక్కితే పాలు ఆగిపోతాయి. నెత్తికి దీపం కట్టుకుని వందల చెట్లు తిరగాలి, మళ్లీ వెనక్కొచ్చి చిప్పల్లో పాలు బకెట్లోకి వంపుకుని తూకం షెడ్డుకి మోసుకెళ్లాలి. రాత్రి వానకి బెరడు తడిస్తే ఆ రోజు పని లేదు, కూలీ లేదు. ఉండే ఇల్లు "లైన్లు", అంటే తోటవాళ్లు కట్టించిన వరస గదులు. పని పోయిన రోజే ఇల్లూ పోతుంది. టౌను మైళ్ల దూరం. సరుకులు, డిస్పెన్సరీ, గుడి, బడి అన్నీ తోటలోనే. బడి కూడా ఎందుకొచ్చిందంటే, బడి ఈడు పిల్లలు పదిమంది ఉంటే బడి పెట్టాలని 1923 లేబర్ కోడ్ చెప్పింది కాబట్టి. ఆ బడి ప్రాథమికంతో ఆగిపోయేది. తర్వాత పిల్లాడు ఎక్కడికెళ్తాడు? వాళ్ల నాన్న గాటు పెట్టే చెట్ల దగ్గరికే.

కూలీ కూడా బేరమాడుకునేది కాదు, పైనుంచి నిర్ణయించేది. 1920ల చివర్లో ప్రధాన తోటల్లో మగవాళ్లకి రోజుకు 50 సెంట్లు, ఆడవాళ్లకి 40. 1930లో రబ్బరు ధర పడిపోగానే 40కీ 32కీ కోసేశారు. చైనీయ కూలీలు అవే తోటల్లో కాంట్రాక్టు మీద పని పట్టుకుని అంతకంటే ఎక్కువ తీసుకునేవారు. నచ్చకపోతే మేస్త్రీతో సహా పని వదిలి వెళ్లిపోయేవారు. వాళ్లకు వెళ్లడానికి వేరే చోటుంది.

ఇక కల్లు సంగతి. ఆ దుకాణం తోటలోనే, యాజమాన్యం కనుసన్నల్లోనే నడిచేది. 1941లో క్లాంగ్ దగ్గర తోట కూలీలు పెద్ద సమ్మె చేశారు. వాళ్ల కోరికల్లో కల్లు దుకాణాలు మూసెయ్యమన్నది ఒకటి. చైనీయులతో సమానంగా కూలీ ఇమ్మన్నది ఒకటి. దొర ఎదురైతే సైకిల్ దిగి నిలబడాలన్న పద్ధతి తీసెయ్యమన్నది ఇంకొకటి. జవాబుగా సైన్యాన్ని దించి కాల్పులు జరిపారు. ఆ మరుసటి ఏడాది నుంచి జపాన్‌వాళ్లు ఇదే జనాన్ని సయాం (థాయ్‌లాండ్)-బర్మా రైలు మార్గానికి తోలుకెళ్లారు. వేలమంది తిరిగి రాలేదు.

చైనీయుల దగ్గర పొదుపు ఉంది, కాదనను. 50 సెంట్ల కూలీ మీద ఏం పొదుపు చేసి ఏ కొట్టు పెట్టాలో కూడా చెప్పండి అన్నా.

సూటిగా

చెల్లెమ్మా, బాధ అర్థమైంది. కానీ చైనీయ కూలీ ఏమైనా పల్లకీలో వచ్చాడా? ఓడ చార్జీ అప్పు తీరేదాకా గనిలో వెట్టి. తగరం గనుల్లో జ్వరాలొచ్చి గుంపులుగా పోయారు. మనవాళ్లకు కల్లయితే వాళ్లకు నల్లమందు. అది అమ్మి బ్రిటిష్‌వాడు ఖజానా నింపుకున్నాడు. కౌలాలంపూర్‌ని నిలబెట్టిన యాప్ అహ్ లోయ్ 1854లో మలక్కాలో దిగినప్పుడు పదిహేడేళ్ల కుర్రాడు, చేతిలో చిల్లిగవ్వ లేదు. 1868కల్లా కపితాన్, అంటే చైనీయుల పెద్ద, అయ్యాడు. తర్వాత కమ్యూనిస్టు తిరుగుబాటు కాలంలో, 1950 నుంచి, దాదాపు అయిదు లక్షలమంది గ్రామీణుల్ని, ఎక్కువగా చైనీయుల్నే, ముళ్లకంచెల మధ్య "కొత్త గ్రామాల్లో" పడేశారు. 1971 నుంచి కొత్త ఆర్థిక విధానం మలయ్‌లకు కోటాలిచ్చింది, ఆ దెబ్బ చైనీయులకూ తగిలింది. ఇన్ని తట్టుకుని వాళ్ల వాటా 39కి ఎలా పెరిగింది? మనది 1.2 దగ్గర ఎందుకు ఆగింది?

విశాఖ చదువరి

మధ్యలో దూరుతున్నా. సూటిగా గారి ఉదాహరణలోనే జవాబుంది అనిపిస్తోంది. యాప్ అహ్ లోయ్‌కి పని ఇచ్చినవాడూ, కొట్టు పెట్టుకునేలా చేసినవాడూ చైనీయుడే. పందొమ్మిదో శతాబ్దంలో తగరం గనులు చైనీయ షావుకార్లవి. గని పక్కనే ఊరు, ఊళ్లో కొట్టు, కొట్లో గుమాస్తా పని. అప్పు తీరినవాడు నాలుగడుగులు నడిస్తే బజార్లో ఉంటాడు. మన కూలీకి యజమాని లండన్‌లో రిజిస్టరైన కంపెనీ. భారతీయుల్లో వడ్డీ వ్యాపారం చేసే డబ్బున్న తమిళ చెట్టియార్లు ఉన్నారు గానీ, రబ్బరు గీసేవాడికి కొట్టు పెట్టుకోమని అప్పిచ్చే వ్యాపారం కాదు వాళ్లది. లాభాలు చెట్టినాడు మేడల్లోకి వెళ్లాయి.

పెరాక్ మనవరాలు

థాంక్స్ అండీ. కొత్త గ్రామాల మాటా చూద్దాం. ముళ్లకంచె నిజం, అవమానం నిజం. కానీ అవి రోడ్ల పక్కన, టౌన్లకు దగ్గర్లో వెలిశాయి. చాలాచోట్ల ఇంటి స్థలం లీజుకి వచ్చింది, బడి వచ్చింది. ఆ జనం పట్టణ జీవితానికి దగ్గరయ్యారు.

మనవాళ్లకు పట్టణం 1980ల తర్వాత వచ్చింది, అదీ గెంటివేత రూపంలో. రబ్బరు కొట్టేసి పామాయిల్ వేశారు, టౌన్లకు దగ్గరున్న తోటల్ని ఇళ్ల ప్లాట్లకు అమ్మారు, పనికి ఇండోనేషియా, బంగ్లాదేశ్ కూలీల్ని తెచ్చారు. రెండు దశాబ్దాల్లో మూడు లక్షలమంది తోటలు వదిలారన్నది ఇక్కడ తరచూ వినపడే లెక్క. లైన్లలో ఇల్లు పోయింది, చేతిలో ఉన్న విద్య చెట్టుకు గాటు పెట్టడం. 1990 దాకా ప్రభుత్వం ఫెల్డా అనే భూ పంపిణీ పథకం కింద వేల కుటుంబాలకు రబ్బరు, పామాయిల్ భూములు పంచింది. లబ్ధిదారులు దాదాపు అందరూ మలయ్‌లే. మూడు తరాలు తోట పని చేసినవాళ్లకు అందులో చోటు దొరకలేదు.

పొదుపు తెలియదన్నారు కదా. 1960లో భారతీయుల పార్టీ ఎంఐసీ నాయకుడు సంబంధన్ జాతీయ భూ ఆర్థిక సహకార సంఘం పెట్టినప్పుడు తోట కూలీలు నెలకు 10 డాలర్ల (అప్పటి మలయా డాలర్లు) చొప్పున కట్టి తోటలు కొన్నారు. ఆ సంఘం ఈ రోజుకీ ఉంది. అవకాశం చూపిస్తే దాచారు.

సూటిగా

మంచి ఉదాహరణే. మరి మైకా సంగతి కూడా చెప్పు. 1982లో ఎంఐసీ పార్టీ "భారతీయుల కంపెనీ" అని పెట్టించి, అరవై వేలకు పైగా మామూలు జనం దగ్గర వంద మిలియన్ రింగిట్లకు పైగా వసూలు చేసింది. చాలామంది అప్పు చేసి మరీ వాటాలు కొన్నారు. ఏళ్లు గడిచినా చేతికొచ్చింది అంతంతమాత్రం. దాన్ని ముంచింది బ్రిటిష్‌వాడా, మలయ్ కోటానా?

పెరాక్ మనవరాలు

ఎవరూ కాదు, మన నాయకులే. ఈ విషయంలో నా కోపం మీకంటే ఎక్కువే. కానీ చైనీయుల పార్టీ ఎంసీఏ కూడా 1975లో మల్టీ పర్పస్ హోల్డింగ్స్ పెట్టించింది, అదీ అప్పుల్లో చిక్కుకుని చేతులు మారింది. 1986లో వాళ్ల డిపాజిట్ సహకార సంఘాలు 24 స్తంభించిపోయి లక్షలమంది డబ్బు ఇరుక్కుంది. అయినా సమాజం తట్టుకుంది. పది గేదెలున్న ఇంట్లో ఒకటి చస్తే పాడి తగ్గుతుంది. ఒక్క గేదె ఉన్న ఇంట్లో చస్తే పాలే ఉండవు.

పినాంగ్ లాయరు

అందరూ "భారతీయులు" అని ఒకే ముద్ద చేసి మాట్లాడుతున్నారు, నాకు అక్కడే అభ్యంతరం. నేను వాదించే కోర్టులో లాయర్లలో భారతీయుల ముఖాలు లెక్కపెడితే దేశ జనాభాలో మేం ఏడు శాతం కూడా లేమంటే నమ్మరు. డాక్టర్లలోనూ అంతే. వీళ్లలో చాలామంది తాతలు కూలీలు కాదు: రైల్వేలో, ట్రెజరీలో గుమాస్తాలుగా వచ్చిన శ్రీలంక తమిళులు, తోట ఆఫీసుల్లో మలయాళీలు, పోలీసులో సిక్కులు. టౌన్లో ఇంగ్లీషు బడి వాళ్లకు అందింది. దేశంలోని పెద్ద ధనవంతుల్లో ఒకడైన ఆనంద కృష్ణన్, 2024లో పోయారు, ఆయనది కూడా శ్రీలంక తమిళ మూలమే. ఆయన సంపదా, బాగన్ దాతో కొబ్బరి కూలీ సంపదా కలిపి సగటు తీస్తే ఎవరి బతుకు తెలుస్తుంది? చైనీయుల్లోనూ రాబర్ట్ క్వోక్ లాంటి కుబేరుడితో పాటు, పిల్లలంతా సింగపూర్ వెళ్లిపోయి కొత్త గ్రామంలో ఒంటరిగా మిగిలిన ముసలివాళ్లున్నారు.

ఒక్క సంగతి మాత్రం సూటిగా గారి పక్షాన: చైనీయులు సొంత చందాలతో అరవై స్వతంత్ర హైస్కూళ్లు నడుపుతున్నారు. తమిళ బడి ప్రాథమికంతో సరి. మా తెలుగు బడులైతే తోటలతోపాటే మూతపడ్డాయి.

లెక్కల మాస్టారు

లాయరు గారి అనుమానం కొంతవరకు లెక్కలో కనపడుతుంది. 2019లో మధ్యగత ఆదాయం, అంటే వరసలో సరిగ్గా మధ్యనున్న ఇంటి ఆదాయం, చైనీయులకు 7,391, భారతీయులకు 5,981, భూమిపుత్రులకు (మలయ్‌లు, ఇతర స్థానిక తెగలు) 5,420. సగటుతో చూస్తే 83 ఉన్నది మధ్యగతంతో 81కి దిగింది. పైనున్నవాళ్లు సగటుని కాస్త లాగుతున్నారన్నమాట. అంతకంటే పెద్ద తీర్మానం దీన్నుంచి తియ్యలేం. తోటల నుంచి వచ్చినవాళ్ల లెక్క విడిగా తీస్తేగానీ ఈ వాదన తెగదు.

కేఎల్ ఉద్యోగి

ఇంత వస్తుందనుకోలేదు. మరి ఇప్పుడేం చెయ్యాలంటారు? సాయం జాతి చూసి ఇవ్వాలా, ఆదాయం చూసి ఇవ్వాలా? 2007 నవంబరు 25న హిందూ హక్కుల వేదిక హిండ్రాఫ్ ఊరేగింపులో వేలమంది రోడ్డెక్కింది దీనికే కదా?

సూటిగా

ఆదాయం చూసే ఇవ్వాలి. జాతి పేరుతో ఇస్తే మళ్లీ పార్టీ ఆఫీసు గుమ్మం దగ్గర క్యూ కట్టాలి, మళ్లీ ఇంకో మైకా పుడుతుంది. సంఘం, చదువు మనమే కట్టుకోవాలన్న నా మొదటి మాట మీదే ఉన్నా.

పెరాక్ మనవరాలు

పార్టీ చేతికి పైసా ఇవ్వొద్దన్నదాంట్లో మీకూ నాకూ పేచీ లేదన్నా. ఆదాయం చూసి ఇవ్వడం కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ తోటలో పుట్టి, జనన పత్రం తీయించక, ఐడెంటిటీ కార్డు లేకుండా పెరిగినవాళ్లు ఇంకా ఉన్నారు. కార్డు లేకపోతే బ్యాంకు ఖాతా రాదు, పరీక్షకు కూర్చోవడం కష్టం, పేదల జాబితాలోకి పేరే ఎక్కదు. 2017లో భారతీయుల కోసమని ప్రభుత్వం తెచ్చిన ప్రణాళికలో కూడా ఈ కార్డుల సమస్య ఉంది. ముందు ఆ పని తోటతోటకీ, ఫ్లాట్ల బ్లాకు బ్లాకుకీ తిరిగి తేల్చమనండి. లాయరు గారూ, మీ దగ్గరికి ఇలాంటి కేసులు వస్తుంటే చెప్పండి, మా వైపు రెండు కుటుంబాలున్నాయి.