ఒకే పెడల్‌లో కోరస్, ట్రెమొలో, రోటరీ, ఫేజర్: ఏది తీసుకోవాలి?

బ్రాడీపేట_స్ట్రాట్
ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటార్‌కి. కాలితో నొక్కే ఎఫెక్ట్ పెడళ్ల బోర్డు మీద ట్యూనర్, ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని గరగరలాడించేది), డిలే (ప్రతిధ్వని) ఉన్నాయి, ఇంకొక్క పెడల్‌కే చోటుంది. పాత పాటలకి కోరస్ (ఒక గిటార్ రెండు మూడుగా వినిపించేది) తప్పనిసరి, కొన్నింటికి ట్రెమొలో (శబ్దం హెచ్చుతగ్గులుగా కొట్టుకునేది), ఆర్గన్ వాయించే మనిషి రాని రోజు రోటరీ (తిరిగే స్పీకర్ శబ్దం), ఫేజర్ (సుడి తిరిగినట్టు వినిపించేది) అప్పుడప్పుడు. గుంటూరు, బెజవాడ కల్యాణ మండపాల్లో ఆంప్ ఉండదు, క్యాబ్ సిమ్ (ఆంప్ స్పీకర్ శబ్దాన్ని అనుకరించేది) ఉన్న డీఐ (గిటార్‌ని మిక్సర్‌కి కలిపే పెట్టె) నుంచి నేరుగా మిక్సర్‌కే. బోర్డంతటికీ ఒకటే 9 వోల్టుల అడాప్టర్, డైసీ చెయిన్ వైరు (ఒకే తీగ నుంచి అన్ని పెడళ్లకీ పవర్). చూస్తున్నవి: బాస్ ఎండీ-200, ఎండీ-500, సెకండ్‌హ్యాండ్‌లో స్ట్రైమన్ మోబియస్, చిన్న మూయర్ మాడ్ ఫ్యాక్టరీ. మోడ్‌లు ఎక్కువున్నదే తీసుకుంటే సరిపోతుందా అన్నా?

పటమట_పికప్
మోడ్‌ల లెక్క పక్కన పెట్టు తమ్ముడూ. రెండు బాస్‌లలో, మోబియస్‌లో పన్నెండేసి, మూయర్‌లో పదకొండు. అందులో నువ్వు వాడేవి నాలుగు. చూడాల్సింది పాట మధ్యలో ఎలా మారుతుందన్నది. పల్లవిలో కోరస్, చరణంలో ట్రెమొలో కావాలంటే చిన్న మూయర్‌లో వంగి మోడ్ నాబ్ తిప్పాలి, ఆపైన స్పీడ్, డెప్త్ కూడా సరిచేసుకోవాలి. దాంట్లో మెమరీలు లేవు. పాటకొక ఎఫెక్ట్ చాలనుకుంటే అదే చాలు, జేబు కూడా బాగుంటుంది.

మిగతా మూడింట్లో సెట్టింగులు దాచుకోవచ్చు. ఎండీ-500లో ఒకేసారి రెండు మాడ్యులేషన్లు (కోరస్, ట్రెమొలో లాంటి కదిలే ఎఫెక్టులు) నడుస్తాయి, మోబియస్‌లో ఒకసారికి ఒకటే. నీ జాబితాకి రెండు ఒకేసారి అక్కర్లేదు. బోర్డులో చోటు కూడా తక్కువంటున్నావు కాబట్టి నా ఓటు ఎండీ-200కి.

రోటరీ గురించి ఒక మాట. ఈ ఎఫెక్ట్ అనుకరించేది లెస్లీ అనే తిరిగే స్పీకర్ పెట్టెని. దాని పై హార్న్ నెమ్మదిలో నిమిషానికి 40, 50 చుట్లు, వేగంలో 400 దాకా తిరుగుతుంది. అందం ఆ రెంటి మధ్య పరుగులో ఉంది: హార్న్ ఒక సెకనులో అందుకుంటుంది, కింది డ్రమ్ బరువు కాబట్టి నాలుగైదు సెకన్లు పడుతుంది. స్లో, ఫాస్ట్ మార్చడానికి కాలికి అందే స్విచ్ ఉందా, ఆ పెరిగే సమయం మనం పెట్టుకోవచ్చా అని షాపులోనే చూసుకో. చేత్తో స్పీడ్ నాబ్ తిప్పుకునే రోటరీ ఉన్నా లేనట్టే.

ఇంకోటి ట్యాప్ టెంపో, అంటే కాలితో తాళం కొట్టి ఎఫెక్ట్ వేగం పెట్టడం. మన పాటల్లో సగం తిశ్ర నడకే, దెబ్బకి మూడు భాగాలు. నిమిషానికి 110 దెబ్బలు (110 బీపీఎం) అనుకుంటే ఒక దెబ్బ 545 మిల్లీసెకన్లు, మూడో వంతు 182. అంటే ట్రెమొలో 5.5 హెర్ట్జ్‌లో, సెకనుకి ఐదున్నర సార్లు కొట్టుకోవాలి. ట్యాప్‌కి ట్రిప్లెట్ (మూడు భాగాల) విభజన లేకపోతే ఇది కాలితో కుదరదు. ఫేజర్‌ది దీనికి పూర్తిగా రివర్సు: దెబ్బకొక చుట్టు వేస్తే సీలింగ్ ఫ్యాన్ ముందు పాడినట్టుంటుంది. దానికి రెండు, నాలుగు బార్ల విభజన కావాలి. బార్‌కి నాలుగు దెబ్బలనుకుంటే, 100 బీపీఎంలో నాలుగు బార్లంటే 9.6 సెకన్లు.

కృష్ణలంక_సోల్డర్
పెడల్ ఎంపిక పైన చెప్పినట్టే. అసలు గొడవ నీ అడాప్టర్‌తో వస్తుంది.

మోబియస్‌కి ఒక్కదానికే 300 మిల్లీఆంప్స్ కావాలి, బాస్‌లు రెండూ 200 దాటి తీసుకుంటాయి. 500 మిల్లీఆంప్స్ అడాప్టర్‌లో లెక్కకి సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ, డైసీ చెయిన్‌లో డిజిటల్ పెడల్ లోపలి క్లాక్ సర్క్యూట్ రొద ఉమ్మడి గ్రౌండ్ గుండా ఓవర్‌డ్రైవ్‌లోకి చేరుతుంది, అది దాన్ని పదింతలు చేస్తుంది. గుర్తుపట్టడం తేలిక: కరెంటు హమ్ 'భూం'మంటుంది, ఇది 'కీ'మని సన్నగా ఉంటుంది. కొత్త పెడల్‌కి వేరే అడాప్టర్ పెట్టి చూడు. కీచు పోతే తప్పు పవర్‌దే, పెడల్ వెనక్కివ్వకు. ప్రతి అవుట్‌పుట్ విడిగా ఐసొలేట్ అయిన సప్లై తీసుకో, లేదా దానికొక్కదానికి విడి అడాప్టర్ ఉంచేసెయ్.

వేరే అడాప్టర్ అన్నాను కదా అని ఇంట్లో వైఫై రూటర్‌ది పీకి పెట్టకు. పిన్ను సైజు అదే, ఇట్టే దూరుతుంది. కానీ అది చాలావరకు సెంటర్ పాజిటివ్ (పిన్ను లోపల ప్లస్), మన పెడళ్లకి సెంటర్ నెగటివ్ కావాలి. పైగా చాలా రూటర్లు 12 వోల్టులు. మల్టీమీటర్ డీసీ 20లో పెట్టి, ఎర్ర మొన పిన్ను లోపల, నల్ల మొన బయటి రేకుకి ఆనించు. మైనస్ 9 చూపిస్తే మనది. మైనస్ 13, 14 చూపిస్తే అది పాతరకం ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్, లోడు లేనప్పుడు అలా ఎగురుతుంది, డిజిటల్ పెడల్‌కి వద్దు. ఆంప్స్ ఎక్కువున్నా పర్లేదు, వోల్టులు ఎక్కువుండకూడదు.

సెకండ్‌హ్యాండ్‌లో వెతికితే ఇంకో రెండు తగులుతాయి. లైన్ 6 ఎంఎం4: పదహారు మోడల్స్, నాలుగు ఫుట్‌స్విచ్‌లు, ధర ఊరిస్తుంది, కానీ దానికి డీసీ కాదు, 9 వోల్టుల ఏసీ కావాలి. ఆ అడాప్టర్ పొరపాటున పక్క పెడల్‌కి గుచ్చితే దాని పని అయిపోయినట్టే. ఈవెంటైడ్ మాడ్‌ఫ్యాక్టర్ పాతదైతే సెంటర్ పాజిటివ్, పిన్ను కూడా లావు. ఒరిజినల్ అడాప్టర్ ఇవ్వకపోతే బేరమే ఆడొద్దు.

తెనాలి_తీగలు
మండపంలో మిక్సర్ మోనో (ఎడమ, కుడి కలిసి ఒకటే శబ్దం) అన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. స్టీరియో పెడల్ కదా అని రెండు కేబుళ్లూ తీసి సౌండాయన చేతికివ్వొద్దు. కొన్ని కోరస్‌లు ఒక వైపు ఎఫెక్ట్‌ని తలకిందులు చేసి పంపుతాయి. రెండూ మోనోలో కలిస్తే అది రద్దయి, ఎఫెక్ట్ లేని పొడి గిటార్ మిగులుతుంది. ఆటో ప్యాన్ (శబ్దం ఎడమ, కుడి తిరిగే ఎఫెక్ట్) అయితే ఎడమ తగ్గేకొద్దీ కుడి పెరుగుతుంది, కలిపితే కదలికే ఉండదు. మోనో అని రాసి ఉన్న జాక్ నుంచి ఒక్క కేబుల్ చాలు, రెండోది ఖాళీగా ఉండాలి.

వరస: గిటార్, ట్యూనర్, ఓవర్‌డ్రైవ్, మాడ్యులేషన్, డిలే, డీఐ. ఫేజర్ మాత్రం ఓవర్‌డ్రైవ్ ముందుంటే మెత్తగా ఉంటుంది, తర్వాత పెడితే ఊపు పెద్దగా, పదునుగా వినిపిస్తుంది. ఉన్నది ఒక్క పెడలే కాబట్టి తర్వాతే పెట్టి డెప్త్ తగ్గించుకో. కోరస్‌కి రేటు 0.6 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, మిక్స్ (శబ్దంలో ఎఫెక్ట్ పాలు) సగం దాటనివ్వకు. దాటినకొద్దీ అది వైబ్రాటో (శ్రుతి ఊగడం) అవుతుంది, సింగర్ శ్రుతి పోయిందని నిన్నే చూస్తాడు.

బ్రాడీపేట_స్ట్రాట్
ఎండీ-200, విడి అడాప్టర్ అని తేల్చుకున్నాను. చివరి ప్రశ్న: ట్రెమొలో ఆన్ చేస్తే గిటార్ వెనక్కి వెళ్లినట్టు ఉంటుంది కదా, అది సహజమేనా?

తెనాలి_తీగలు
సహజమే. శబ్దం సగం సేపు తగ్గి ఉంటుంది కాబట్టి సగటు పడిపోతుంది. ఆ మెమరీలో లెవెల్ రెండు మూడు డెసిబెల్స్ పెంచి సేవ్ చేసుకో. పెంచేది ఇంట్లో హెడ్‌ఫోన్లతో కాదు, డ్రమ్స్ మోగుతుండగా సౌండ్ చెక్‌లో.