14 ఏళ్ల అబ్బాయికి ఎలక్ట్రిక్ గిటార్: ఫ్లాయిడ్ రోజ్ ఉన్నది తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఏడాదిగా అకూస్టిక్ వాయిస్తున్నాడు, ఇప్పుడు మెటల్ సంగీతం అంటున్నాడు. యాంప్‌తో కలిపి 25 వేలు దాటకూడదు. షాపువాళ్లేమో ఫ్లాయిడ్ రోజ్ (బార్‌తో ఊపి శ్రుతి మార్చే కదిలే బ్రిడ్జి, అంటే తీగలు బిగించే భాగం) ఉన్నదే తీసుకోమంటున్నారు.

జవాబు: వద్దండి. చవక రకాల్లో ఆ బ్రిడ్జి ఆనే అంచులు మెత్తటి లోహంతో ఉంటాయి, అరిగాక శ్రుతి నిలవదు. పైగా ఒక్క తీగ తెగితే వెనక స్ప్రింగుల లాగుడు ఎక్కువై మిగతా ఐదూ శ్రుతి పెరిగిపోతాయి. కదలని బ్రిడ్జి చూడండి. బ్రిడ్జి వైపు హంబకర్ (రెండు కాయిల్స్ ఉన్న పికప్, అంటే తీగల కదలికను అందుకునే భాగం) మాత్రం ఉండాలి. ఒకే కాయిల్ ఉన్న సింగిల్ కాయిల్ పికప్‌కి గెయిన్ (యాంప్‌లో శబ్దాన్ని గరగరలాడించే నాబ్) పెంచితే గుయ్‌మంటూనే ఉంటుంది.

ఇంకో జవాబు: యమహా పసిఫికా 012 కూడా చూడండి. హంబకర్ ఒకటి, సింగిల్ కాయిల్స్ రెండు. ట్రెమొలో (బార్‌తో ఊపే బ్రిడ్జి) మామూలుదే, బార్ తీసేసి వాడితే సరి.

కొనేముందు మెడ అంచున వేలు జార్చండి, ఫ్రెట్ల కొనలు గీసుకోకూడదు. ఆరు తీగల మీదా ప్రతి ఫ్రెట్టూ నొక్కి వినండి. 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు 2 మి.మీ. అటూఇటూ ఉంటే బాగున్నట్టే. అక్కడే హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటిన స్వరం), నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో కలవాలి. నొక్కినది ఎక్కువ చూపిస్తే శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) వెనక్కి జరపాలి, అది స్క్రూ డ్రైవర్ పనే.

ప్రశ్న అడిగినవారు: యాంప్ ఎంతది?

జవాబు: ఇంట్లోకి 10 వాట్లు ఎక్కువే. హెడ్‌ఫోన్ జాక్ మాత్రం మరవకండి, పక్కింటివాళ్ల కోసమైనా! తీగలు 9-42 సెట్ (సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో).