వంతు నీళ్ళ కబురు: వాట్సాప్ గ్రూపా, మామూలు మెసేజా?

శివారు చేను:
మాది గోదావరి డెల్టాలో చివరి బోదె, అంటే చిన్న పంట కాలవ. దాని కింద 85 మందిమి సాగు చేస్తున్నాం. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీళ్ళు చాలక వంతులు పెట్టినప్పుడు, ఏ తూముకు ఎప్పుడు వదులుతారో కాలవ చూసే లస్కరు నాకు చెబుతాడు, నేను అందరికీ చెప్పాలి. మొన్నటిదాకా వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ణి. పోయిన దాళ్వాలో కబురు అందక ఇద్దరి చేలు పొట్ట దశలో బీటలు తీశాయి. ఇద్దరివీ కీప్యాడ్ ఫోన్లే. ఆ చేల గట్టు మీద నిలబడి చూశాక నాకు నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి నా మాట ఒక్కటే, వంతు కబురు మామూలు మెసేజ్‌గానే వెళ్ళాలి. మా వాళ్ళలో సగం మంది ఒప్పుకోవడం లేదు.

అలాగని మెసేజ్‌తో బాధ లేదని కాదు. మొదటిసారి అందరి పేర్లూ ఎంచి పంపితే అది ఎమ్మెమ్మెస్‌గా (ఫోటోలు పంపే తరహా మెసేజ్‌గా) మారిపోయి ఒక్కరికీ వెళ్ళలేదు. ఎవరో ఏదో నొక్కి బాగుచేశారు. రెండోసారి 33 మందికి వెళ్ళి ఆగిపోయింది. ఎందుకో తెలిసినవాళ్ళు చెప్పండి. అసలు నా పట్టు సబబేనా అన్నదీ చెప్పండి.

కాలవ గట్టు:
సబబు కాదండి. 85 మందిలో కీప్యాడ్ ఫోన్లు ఎన్ని? పదో పన్నెండో ఉంటాయి. వాళ్ళకు ఫోన్ చేసి చెప్పండి, మిగతావాళ్ళకు గ్రూపే మేలు. లస్కరు వాయిస్ మెసేజ్ పెడితే చదవడం రానివాళ్ళూ వింటారు. తూము దగ్గర నీటి మట్టం ఫోటో పెట్టొచ్చు. ఎవరు చూశారో, ఎవరు చూడలేదో పేర్లతో సహా కనిపిస్తుంది. గుడ్ మార్నింగ్ బొమ్మల్లో కబురు మునిగిపోతోందంటారా, అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగ్ ఉంది, అది పెట్టేయండి.

సెల్ రిపేరు కొట్టు:
ముందు ఆ 33 సంగతి చెబుతాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి. తెలుగులో 70 మాత్రమే. అది దాటితే ముక్కలవుతుంది, అప్పుడు ముక్కకు 67. పైగా మన కంటికి ఒక అక్షరం, ఫోన్ లెక్కలో ఒకటి కాదు. ‘నీళ్ళు’ మనకు రెండు అక్షరాలు. ఫోన్‌కు న, దీర్ఘం, ళ, పొల్లు, మళ్ళీ ళ, కొమ్ము, మొత్తం ఆరు. మీరు పంపింది ఫోన్ లెక్కలో 150 దాకా ఉండి ఉంటుంది, అంటే మూడు ముక్కలు. మీ ప్యాక్‌లో రోజుకు 100 మెసేజ్‌లేగా? మూడేసి చొప్పున 33 మందికి 99 అయిపోయాయి. 34వ మనిషి దగ్గర ప్యాక్ అయిపోయింది, మెయిన్ బ్యాలెన్స్ లేక అక్కడే ఆగింది.

కొందరు ఇంగ్లీషులో రాసి చివర తెలుగులో ఊరి పేరు పెడతారు. ఒక్క తెలుగు అక్షరం పడినా మొత్తానికి 70 లెక్కే, గుర్తుంచుకోండి.

ఇక ఎమ్మెమ్మెస్ సంగతి. గూగుల్ మెసేజెస్‌లో సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్, అందులో గ్రూప్ మెసేజింగ్. అక్కడ రెండు దారులుంటాయి. అందరినీ కలిపే గ్రూప్ ఎమ్మెమ్మెస్ ఒకటి, ఎవరికి వాళ్ళకు విడిగా వెళ్ళే ఎస్సెమ్మెస్ ఇంకొకటి. మీకు రెండోది కావాలి.

డల్లాస్ నుంచి:
మాకిక్కడ ఆ మొదటి దారే అలవాటు. బడి పిల్లల తల్లిదండ్రులు, గుడి వాళ్ళు, అందరూ గ్రూప్ టెక్స్టే. ఒకరు జవాబిస్తే అందరికీ కనిపిస్తుంది. ఐఫోన్‌లో ఆర్‌సీఎస్, అంటే డేటా మీద వెళ్ళే కొత్త తరహా మెసేజ్, 2024లో ఐఓఎస్ 18తో వచ్చింది, అంతకుముందు ఐఫోన్, ఆండ్రాయిడ్ కలిసిన గ్రూపంటే ఎమ్మెమ్మెస్సే, ఫోటోలు మసకబారి వచ్చేవి. మీ పనికి మాత్రం అందరి జవాబులూ అందరికీ వెళ్ళడం నష్టమే అనిపిస్తోంది. నీళ్ళ వంతు మీద 85 మంది జవాబులంటే అసలు కబురు ఎక్కడికో పోతుంది.

కాలవ గట్టు:
ఇంత లెక్క కట్టేకంటే ఏదైనా బల్క్ ఎస్సెమ్మెస్ కంపెనీకి ఇచ్చేయొచ్చు కదా?

సెల్ రిపేరు కొట్టు:
టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం అలా పంపాలంటే డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థలో సంఘం పేరు, పంపేవారి పేరు, మెసేజ్ నమూనా అన్నీ ముందే నమోదు చేయించాలి. ఒక్క బోదె కోసం అంత తిరగడం కష్టం.

కౌలు రైతును:
మీరంతా ఫోన్ గురించి మాట్లాడుతున్నారు, ఎవరి ఫోన్ అన్నది అడగడం లేదు. నేను రెండెకరాలు కౌలుకు చేస్తున్నాను. మా నీటి లిస్టులో ఉన్నది ఆసామి నంబరు. ఆయన ఉండేది హైదరాబాద్‌లో. వాట్సాప్ అయినా మెసేజ్ అయినా నా వంతు కబురు ఆయన జేబులోకి వెళ్తోంది. ఆయన చూసి నాకు ఫోన్ చేసేసరికి పక్క తూముకు తిప్పేస్తారు. ముందు లిస్టు మార్చండి.

గ్రూపు అంటే నాకు ఇంకో ఇబ్బంది ఉంది. నంబరు అందరికీ కనిపిస్తుంది. ఒకసారి చేరాక రాత్రిపూట తెలియని ఫోన్లు వచ్చాయి, బయటికి వచ్చేశాను. మెసేజ్ అయితే నాకూ పంపినాయనకూ మధ్యే ఉంటుంది. నా ఓటు మెసేజ్‌కే.

కాలవ గట్టు:
అమ్మా, మీరు చెప్పిన రెండూ నాకు తట్టలేదు. నంబరు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫోటోలకు, సంఘం లెక్కలకు గ్రూపు ఉండాలని మాత్రం ఇప్పటికీ అంటాను.

శివారు చేను:
ఉండనివ్వండి, దాన్ని తీసెయ్యమని నేను అనడం లేదు. వంతు కబురు దాని మీద ఆధారపడకూడదన్నదే నా బాధ. చేలో డేటా అందక వాట్సాప్ కబురు సాయంత్రం ఇంటికొచ్చాక మోగిన రోజులున్నాయి.

అమ్మా, మీ నంబరు అడగకుండా లిస్టు రాసిన తప్పు నాదే. ఈ వారం తూము తూముకూ తిరిగి, పట్టాదారు ఎవరన్నది కాకుండా నీళ్ళు కట్టేది ఎవరో అడిగి రాసుకుంటాను.

కొట్టాయన చెప్పినట్టు మాట కుదించాను: ‘రేపు ఉదయం 6కి వంతు నీళ్ళు. 3వ తూము.’ చుక్కలూ ఖాళీలూ కలిపి 35 వచ్చింది. ఒక్క ముక్కే కాబట్టి 85 మందికి 85. కాంటాక్ట్స్‌లో తూముకో లేబుల్ పెట్టి విడివిడిగా పంపుతాను. డెలివరీ రిపోర్ట్ కూడా ఆన్ చేశాను. గంటలో రిపోర్ట్ రాని నంబర్లకు ఫోన్ చేస్తాను, ఎత్తకపోతే సైకిల్ మీద వెళ్తాను.

సెల్ రిపేరు కొట్టు:
పాత కీప్యాడ్ ఫోన్లలో కొన్నిటికి తెలుగు గళ్ళుగళ్ళుగా వస్తుంది. అలాంటప్పుడూ రిపోర్ట్ మాత్రం అందినట్టే చూపిస్తుంది. ఆ ఫోన్లు ఎవరివో లిస్టులో గుర్తు పెట్టుకుని, వాళ్ళకు ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి.

శివారు చేను:
మంచి మాట చెప్పారు. రేపు తిరిగేటప్పుడు ఒక్కొక్కరి ముందు నిలబడి మెసేజ్ పంపి, వాళ్ళ తెర మీద ఎలా పడిందో నా కళ్ళతో చూసి వస్తాను.